సాదిందన్నాను, సాధించిందన్నారు

కుదరబోయే పెళ్లిని నోటితోనే చెడగొట్టుకోవడం ఎలాగో నేర్చుకోవాలని ఎవరికైనా ఉంటే నా దగ్గరికి రావచ్చు. తాగి గొడవ చేయనక్కరలేదు. పిల్ల తండ్రిని తిట్టనక్కరలేదు. ఒక్క అబద్ధం కూడా ఆడనక్కరలేదు. పెంచిన తల్లిని మనసారా పొగిడితే చాలు. నేను పొగిడాను. నేనింకా పొగుడుతుండగానే పిల్ల తల్లి నా ముందున్న జంతికల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అసలు ఆ మాట సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరూ వాళ్లలాగే కంగారు పడతారు. మా వైపు పసివాళ్లను పెంచడాన్ని సాదడం అంటారు. తల్లి బిడ్డను సాదుతుంది. ఇల్లాలు కోళ్లను, మేకలను సాదుతుంది. దిక్కులేని పిల్లను ఇంటికి తెచ్చుకుని సాదుకుంటారు. చంకనెత్తుకున్న బిడ్డలా వెచ్చగా ఉండే మాట అది. గుంటూరు వైపు దీనికి పక్కింటి మాటలాంటిది ఇంకొకటి ఉందట, సాధించడం. అంటే గెలుచుకోవడం ఒక్కటే కాదు. ఇంట్లో ఒక మనిషిని పట్టుకుని పొద్దున లేచింది మొదలు దెప్పడం, పొడవడం, కన్నీళ్లు పెట్టించడం కూడా. అత్త కోడలిని సాధిస్తోందంటే ఆ కోడలి బతుకు పొయ్యి మీద మరిచిపోయిన పాలగిన్నె అన్నమాట.

ఈ రెండో సంగతి నాకు తెలియదు. మొదటి సంగతి వాళ్లకు తెలియదు. ఈ రెండు తెలియనితనాల నడుమ, ఉతికిన ధోవతి కట్టుకుని, తలకు నూనె దట్టంగా పట్టించుకుని నేను వెళ్లి కూర్చున్నాను.

అవి యుద్ధం రోజులు. సైకిల్ టైరు పెళ్లికూతురికన్నా కష్టంగా దొరికేది. నేను మొయినాబాదులో చిన్న మిషన్ బడిలో పంతులును, పేరు ఆనందం. నన్ను కన్న కొద్దిరోజులకే మా అమ్మ పోయింది. నాన్న షాబాదు వైపు బండల పనికి వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అమ్మ చెల్లెలు రాహేలు చిన్నమ్మ నన్ను చీరకొంగులో చుట్టి తన ఇంటికి తెచ్చుకుంది. ఆమెకు పిల్లలు లేరు, కొన్నాళ్లకు భర్తా లేడు. ఇంటి నిండా కోళ్లు, పెరటి నిండా మేకలు, వాటి మధ్య నేను. చిన్నమ్మ పెరట్లో నిలబడి పిలిస్తే ఎవరిని పిలిచిందో తెలియక అందరం పరుగెత్తేవాళ్లం.

కమలను నేను మొదట చూసింది చేవెళ్ల చర్చిలో, కోతపండుగ నాడు. ఆమె తండ్రి దావీదు గారు గుంటూరు వైపు నుంచి చేవెళ్ల దవాఖానకు కాంపౌండరుగా వచ్చి అప్పటికి కొద్ది నెలలే అయింది. పండుగకు అందరూ తమ ఇళ్లలో పండినవి తెచ్చి వేలానికి పెడతారు. కమల ఒక గుమ్మడికాయ తెచ్చింది. అంతకన్నా ముఖ్యం, వేలం వేసే పెద్దమనిషి దాన్ని కొంచెం చిన్నకాయ అన్నందుకు ఆయన ముఖం మీదే, "చిన్నదైతే మీరెత్తి చూపించండి" అంది. ఆయన ఎత్తలేకపోయాడు. నేను ఆ క్షణమే నిర్ణయించుకున్నాను, ఈ పిల్లనే చేసుకోవాలని. ముందు గుమ్మడికాయతో మొదలుపెట్టాను. నాతో పోటీ పడ్డ షావుకారు చివరకు నన్ను జాలిగా చూసి తప్పుకున్నాడు.

ఆ కాయను సైకిలు వెనక కట్టుకుని మొయినాబాదు దాకా వచ్చాను. దారిలో అది రెండుసార్లు దొర్లి చేలో పడింది. రెండుసార్లూ దిగి, వెతికి, దుమ్ము తుడిచి మళ్లీ కట్టాను. చిన్నమ్మ గడపలో నిలబడి నన్నూ కాయనూ మార్చి మార్చి చూసింది.

"మన పాక మీద గుమ్మడికాయలు కాసి కుళ్లిపోతున్నయి గద కొడుకా. పైసలు పెట్టి తెచ్చినవా?"

"ఇది వేరే కాయ చిన్నమ్మా."

"పిల్ల పేరేంది?"

నేను చెప్పాను, ఎవరి పిల్లో కూడా.

"వాండ్లు దూరపోళ్లు. ఇస్తరా మనకు?"

"ఇస్తరు. ఇయ్యకుంటే ఇచ్చేదాక తిరుగుత."

మా పాస్టరు అయ్యగారు కబురు పంపారు. దావీదు గారు రమ్మన్నారు. అనుకున్న రోజుకు చిన్నమ్మ రాలేకపోయింది. మా నల్లమేక ఈనడానికి సిద్ధంగా ఉంది. "ఇప్పుడు దీన్ని ఇడిసిపెట్టి యాడికొస్త? అయ్యగారున్నడు గద, ఆయన మాట్లాడుతడు" అంది. తీరా అయ్యగారికి దొంతన్‌పల్లిలో ఎవరో పోయారని పిలుపు వచ్చింది. వెళ్లబోతూ నాకు ఒక సలహా ఇచ్చారు.

"ఆడపిల్ల తల్లికి అత్తగారి భయం ఎక్కువుంటది ఆనందం. మీ చిన్నమ్మ ఎసొంటి మనిషో మంచిగ చెప్పు. సిగ్గుపడి ఊకోకు."

ఊరుకుంటానా. దారి పొడవునా సైకిల్ తొక్కుతూ చిన్నమ్మ గుణగణాలు వల్లె వేసుకుంటూ వెళ్లాను.

దావీదు గారు సన్నగా, శుభ్రంగా, మందుల వాసనతో ఉన్నారు. ఆయన భార్య ఎస్తేరమ్మ గారు పళ్లెం నిండా జంతికలు పెట్టి, బెల్లం కాఫీ ఇచ్చారు. తలుపు వెనక గాజుల చప్పుడు వినపడింది. నాకు హుషారు వచ్చింది.

"చిన్నప్పుడే అమ్మగారు పోయారట. మీ పిన్నిగారు బాగా చూసుకునేవారా బాబూ?" అని ఎస్తేరమ్మ గారే అడిగారు.

వాకిలి తెరిచి పెట్టిన ప్రశ్న అది. నేను ఎద్దుల బండితో సహా లోపలికి దూరాను.

"మామూలుగ గాదమ్మా. ఆమె నన్ను సాదినట్టు మొయినాబాదుల ఎవ్వలు ఎవ్వలిని సాదలే."

ఎస్తేరమ్మ గారు భర్త వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అంటే, ఎప్పటినుంచి?"

"పాలు తాగే పోరన్నప్పటి సంది. పొద్దుగాల లేసిన కాడికెల్లి పండుకునేదాక సాదుడే."

"పసిబిడ్డనా?" అన్నారు ఎస్తేరమ్మ గారు.

"పసిపిల్లలంటే ఆమెకు పానం. ఇంకా ఎక్కువ సాదుతది."

దావీదు గారు కాఫీ లోటా కింద పెట్టారు. "ఇప్పుడు మీరు ఉద్యోగస్తులు కదా మాస్టారూ. ఇప్పుడైనా మానేశారా?"

"యాడ మానుతది? జీతం తెచ్చుకుంటున్న, ఇగ సాలు చిన్నమ్మా అన్న. ఇనలే. నేను సచ్చేదాక నిన్ను సాదుత కొడుకా అన్నది."

చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకున్నాను. నా కన్నీళ్లు చూసి ఎస్తేరమ్మ గారికీ కన్నీళ్లు వచ్చాయి. మాట తగిలిందని నేను పొంగిపోయాను. ఇక ఆపడం నా చేతుల్లో లేదు.

"మరి మీ బాబాయిగారు అడ్డుపడేవారు కాదా?" అని దావీదు గారు మెల్లగా అడిగారు.

"ఆయన జల్ది పోయిండు సారూ. జరమొచ్చి మంచాన పడ్డడు. అప్పుడు సూడాలె మా చిన్నమ్మను. పక్కకెల్లి కదలకుంట, చిన్న పోరన్ని సాదినట్టు సాదింది. గంత సాదినా మనిషి దక్కలే."

"దక్కుతాడా మరి" అన్నారు ఎస్తేరమ్మ గారు, ఎటో చూస్తూ.

"మా గల్లీల తల్లి లేని ఆడపిల్లలు ఇద్దరుంటే వాండ్లను గూడ ఇంటికి తెచ్చుకోని సాదింది. పెండ్లిళ్లు అయ్యి పోయేటప్పుడు ఇద్దరు ఎక్కెక్కి ఏడ్సిండ్రు."

అప్పుడే ఎస్తేరమ్మ గారు పళ్లెం తీసుకున్నారు. తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. తెలివైనవాడెవడైనా అక్కడ లేచి దండం పెట్టి వచ్చేస్తాడు. నేను వచ్చిన పని పూర్తి చేయనిదే కదిలే రకం కాదు.

"మీ బిడ్డ గురించి మీకు ఫికర్ అక్కర్లేదమ్మా. చిన్నమ్మ నాతోని ముందుగాలనే చెప్పింది. కోడలు ఒక్కసారి ఇంట్లకు రానియ్యి, కండ్ల ముందలకెల్లి కదలనియ్య, మేకపిల్లను సాదినట్టు సాదుకుంట అన్నది."

ఆలోచించి చెబుతామని దావీదు గారు నన్ను వాకిలి దాకా సాగనంపారు. భుజం మీద చెయ్యి వేసి, "ధైర్యంగా ఉండండి మాస్టారూ" అన్నారు. అల్లుడితో మాట్లాడినంత ఆప్యాయంగా అన్నారని ఇంటికి వచ్చి చిన్నమ్మతో చెప్పాను. ఆ రాత్రి మేకపిల్ల పుట్టిన ఆనందం, పెళ్లి కుదిరిన ఆనందం రెండూ కలిపి పాయసం తాగాం.

నాలుగు రోజులకు అయ్యగారు వచ్చారు. ముఖం వేలాడేసుకుని ఉన్నారు.

"పిల్లను ఇయ్యం అన్నరు. పోరడు మంచోడే గని, ఆ ఇంటికి మాత్రం పంపం అన్నరు. ఇంకేం చెప్తలేరు." జేబులోంచి ఒక చిన్న రేకు డబ్బా తీశారు. "ఇది నీకియ్యమన్నడు కాంపౌండరు."

మూత తీస్తే లోపల మలాము. దెబ్బలకు రాసుకునేది.

నేను డబ్బాను తిప్పి తిప్పి చూశాను. సైకిల్ మీద అంత దూరం తొక్కి వచ్చాను కదా, కాళ్ల నొప్పులకు పంపి ఉంటారనుకున్నాను. పిల్లను ఇవ్వనివాడు మలాము ఎందుకు పంపుతాడు? ఆశ ఉందన్నమాట.

"ఇగ ఇడిసిపెట్టు ఆనందం" అన్నారు అయ్యగారు.

"ఇడిసిపెట్ట" అన్నాను.

ఆ తరువాతి ఆదివారం మలాము రాసుకున్న కాళ్లతో చేవెళ్ల చర్చికి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. ప్రార్థన మనవుల దగ్గర ఎస్తేరమ్మ గారు లేచారు. "పుట్టిన దగ్గరనుంచీ ఇంట్లో హింస పడుతున్న ఒక తల్లిలేని యువకుడి కోసం అందరూ ప్రార్థించండి" అన్నారు. నా గుండె కరిగిపోయింది. ఎవడో పాపం, మనకన్నా కష్టంలో ఉన్నాడనుకున్నాను. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే. నా గొంతు విని సగం చర్చి మెడలు చాచి నన్నే చూసింది. అంత భక్తి ఉన్నవాణ్ని చూస్తున్నారనుకున్నాను.

ఆరాధన అయ్యాక బయట చెట్టుకు ఆనించిన నా సైకిల్ దగ్గరికి కమలే వచ్చింది. అదే మొదటిసారి ఆమె నాతో మాట్లాడడం.

"అంత బాధ ఎలా ఓర్చుకున్నారండీ ఇన్నేళ్లూ?"

పిల్లనివ్వం అన్న బాధ గురించి అడుగుతోందనుకున్నాను. ఇన్నేళ్లూ అన్న మాట నా చెవిన పడలేదు.

"ఓర్సుకుంటనే ఉంట. ఎన్నేండ్లయినా సరే, వెనుకకు పోయేటోన్ని గాదు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. అలా ఎవరూ నన్ను అంతకు ముందు చూడలేదు. తరువాత వాళ్ల అమ్మ పిలిస్తే వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి చిన్నమ్మతో తేల్చి చెప్పాను. నేను సరిగా పొగడలేకపోయాను, అందుకే వాళ్లకు నమ్మకం కుదరలేదు, నువ్వే రావాలి అని. చిన్నమ్మ అప్పటికప్పుడు కొత్త చీర తీసింది. వట్టి చేతులతో పోకూడదని ఒక గంపలో అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన కోడిపిల్లలను పెట్టుకుంది. మర్నాడు తెల్లారకముందే బయలుదేరినా, ఎడ్లబండిలో చేవెళ్ల చేరేసరికి మధ్యాహ్నమైంది.

మమ్మల్ని చూసి ఎస్తేరమ్మ గారు గడపలో ఆగిపోయారు. పులి ఎదురుగా వచ్చి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె ముఖం. చిన్నమ్మ ఇదేమీ పట్టించుకునే మనిషి కాదు. తిన్నగా వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వొదినా, పోరడు తిండి తింటలేడు. నీ బిడ్డను నాకియ్యి. వీన్ని ఎట్ల సాదిన్నో సూస్తున్నవు గద, పిల్లను గూడ గట్లనే సాదుత."

ఎస్తేరమ్మ గారు చెయ్యి లాక్కున్నారు. "ఎంత ధైర్యం అమ్మా మీకు. నా ఇంటికే వచ్చి, నా పిల్లను ఏడిపిస్తానని నాతోనే చెబుతారా? మేం ఇవ్వం."

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "ఏడిపిస్తనని నేనెప్పుడన్న కొడుకా?"

నేను నోరు తెరిచేలోపు లోపలి తలుపు తెరుచుకుంది. కమల బయటికి వచ్చి వాళ్ల నాన్న పక్కన నిలబడింది.

"నాన్నా, నేను ఈయన్నే చేసుకుంటాను. ఈయన్ను ఆ ఇంట్లో ఒంటరిగా వదిలేయడం నాకు ఇష్టం లేదు." తరువాత చిన్నమ్మ కళ్లలోకి సూటిగా చూసింది. "మీరు నన్ను సాధిస్తే నేను ఊరుకోనండీ. నేనూ మిమ్మల్ని సాధిస్తాను."

చిన్నమ్మ ముఖం వెన్నెలలా విచ్చుకుంది. రెండు చేతులూ చాచి ఆ పిల్ల తల నిమిరి మెటికలు విరిచింది.

"నా తల్లే, నా బంగారమే. సాదు బిడ్డా. నేను ముసల్దాన్నయితున్న, ఎవ్వలు సాదుతరు నన్ను అని రోజు ఫికర్ పడుతున్న. నువ్వు సాదుతనన్నవు, ఇగ నాకేం గావాలె."

కమల ఒక అడుగు వెనక్కి వేసింది. యుద్ధానికి సిద్ధమై వచ్చిన మనిషికి శత్రువు ముద్దు పెడితే ఏం చేయాలో ఎవరు చెబుతారు? చిన్నమ్మ కళ్లొత్తుకుని, గంప ఎత్తి కమల చేతుల్లో పెట్టింది.

"ముందుగాల వీటిని సాదుకో. పెండ్లి నాటికి పెద్దగయితయి."

గంపలోంచి కిచకిచలు వినిపించాయి. ఎస్తేరమ్మ గారు వంగి లోపలికి చూశారు. కోడిపిల్లలు. ఆమె తల ఎత్తి చిన్నమ్మను చూసి, మళ్లీ కోడిపిల్లలను చూశారు.

"వీటిని సాధించడం ఏమిటండీ? కోడిపిల్లల్ని ఏమని సాధిస్తాం?"

"ఏమనుడేంది వొదినా? నూకలు ఏసుడు, నీళ్లు పెట్టుడు, గద్ద రాకుంట సూసుడు. మీ ఊర్ల కోళ్లను సాదరా?"

దావీదు గారు కుర్చీలోంచి లేచారు. మందు సీసా మీద పేరు చదివేటప్పుడు ఎంత జాగ్రత్త పడతారో అంత జాగ్రత్తగా అడిగారు.

"ఒక్క నిమిషం అమ్మా. సాదడమంటే మీ వైపు పెంచడమా? సాకడమా?"

"సాకంటే బడికి పోకుంట తప్పిచ్చుకునెతందుకు వీడు చెప్పేది" అని చిన్నమ్మ నన్ను చూపించింది. "పెంచుడంటే గోడ పెంచుతరు, ధర పెంచుతరు. పిల్లలను ఎవ్వలు పెంచుతరన్నా? వాండ్లంతల వాండ్లే పెరుగుతరు. మనం సాదాలె, అంతే."

"మరి సాధించడం అంటే మా వైపు ఏమిటో తెలుసా" అంటూ దావీదు గారు చెప్పారు. ఆయన చెబుతుంటే నేను ఆనాడు అదే చోట కూర్చుని అన్న మాటలన్నీ ఒక్కొక్కటే నా ముందుకు వచ్చి నిలబడ్డాయి. పాలు తాగే పసివాణ్ని సాధించడం. జ్వరంతో మంచాన పడ్డ మొగుణ్ని పక్కనుంచి కదలకుండా సాధించడం. తల్లి లేని ఆడపిల్లలను ఇంటికి తెచ్చి మరీ సాధించడం. ఇంకా నయం, చిన్నమ్మ కోసం మొయినాబాదుకు పోలీసులను పంపలేదు. మలాము ఎందుకొచ్చిందో తెలిసింది. ఆ ఆమెన్ ఎవరి కోసం అన్నానో కూడా తెలిసింది.

"ఓరి నీ నోరు పాడుగాను. నన్ను పొగుడుమంటే రాచ్చసిని జేసి వచ్చినవా?" అంది చిన్నమ్మ. ముందు నవ్వింది కూడా ఆమే. తరువాత ఎస్తేరమ్మ గారు గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. దావీదు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. జంతికల పళ్లెం తిరిగి వచ్చింది.

కమల ఒక్కతే నవ్వలేదు. గంప పట్టుకుని ఆలోచిస్తూ నిలబడింది. మేం బండి ఎక్కబోతుంటే నా దగ్గరికి వచ్చి చిన్నగా అడిగింది.

"అయితే పుట్టినప్పటినుంచీ మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట కూడా అనలేదన్నమాట."

"అనలే."

"గారాబంగా పెరిగారు."

"అవును."

"ఇన్నేళ్లు సాధింపు పడ్డ మనిషి కదా, నేనేమన్నా ఓర్చుకుంటాడని నేనేమో ఒప్పుకున్నాను."

ఇంత దూరం వచ్చి, ఓర్పు లేదన్న కారణంతో పిల్ల పోవడం నేను ఒప్పుకోదలచుకోలేదు.

"నేర్సుకుంట" అన్నాను.

ఆమె అప్పుడు నవ్వింది. వర్షాలకు ముందే చేవెళ్ల చర్చిలో మా పెళ్లయింది. కోడిపిల్లలు అప్పటికి నిజంగానే పెద్దవై, విందులో ముఖ్యపాత్ర వహించాయి.

కనుక చదువరులారా, చిన్నమ్మ సాదిన చేతుల మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఇకమీదట నేను ఏ ఇంటికైనా పిల్లనడగడానికి వెళితే, నిన్నెవరు పెంచారని అడిగితే, "మా చిన్నమ్మ" అని మాత్రమే చెప్పి, జంతికలు తిని, నోరు మూసుకుని తిరిగి వస్తాను. ప్రాణం పోయినా ఇంకొక్క మాట పొగడను.

ఈ ప్రమాణం రాసి పొద్దున కమలకు చదివి వినిపించాను. "మళ్లీ పిల్లనడగడానికి ఎవరింటికి వెళతారేమిటి?" అంది. ఇప్పుడు దీపాలు పెట్టే వేళయింది. ఇంకా అడుగుతూనే ఉంది.